యాప్, వెబ్‌సైట్ తెరల డిజైన్: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

తెరలు గీయడం నా రోజువారీ పని. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు, సొంతంగా యాప్ చేసుకుంటున్నవాళ్లు, డిజైనర్ లేని టీమ్‌లో ఆ బరువు కూడా నెత్తిన పడ్డ డెవలపర్లు, ఎవరు కలిసినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు. మీ పని ఏ దశలో ఉందో అక్కడికి వెళ్లండి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది.

## పని మొదలుపెట్టే ముందు

యూఐ, యూఎక్స్ రెండూ ఒకటేనా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు

ఒకటి కాదు. యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్) అంటే కంటికి కనబడేది, వేలికి తగిలేది: బటన్లు, అక్షరాలు, రంగులు, వాటి మధ్య ఖాళీ. యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) అంటే ఆ మనిషి వచ్చిన పని మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగిందన్నది. టికెట్ బుక్ చేసే తెర ముచ్చటగానే ఉంది. కానీ డబ్బు కట్ అయ్యాక టికెట్ వచ్చిందో లేదో తెలియక మనిషి పది నిమిషాలు గిలగిల్లాడాడు. అప్పుడు యూఐ బాగున్నట్టు, యూఎక్స్ చెడినట్టు. డాన్ నార్మన్ 1993లో యాపిల్‌లో చేరినప్పుడు తన హోదా పేరులోనే 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాట పెట్టుకున్నాడు. తెర ఒక్కటే తన పని కాదని చెప్పుకోవడానికే ఆ పేరు. ఉద్యోగ ప్రకటనల్లో రెండూ కలిపి రాసేస్తుంటారు, దానికి బుర్ర పాడుచేసుకోకండి.

కోడింగ్ రాకపోతే డిజైన్ చేయలేనా?

చేయగలరు. కోడ్ రాయడం రాకపోయినా ఏది తేలికో ఏది కష్టమో తెలిస్తే చాలు. అది తెలియనివాళ్లు గీసిన తెర డెవలపర్ చేతిలో సగం మారిపోయి బయటికొస్తుంది.

యూజర్లతో మాట్లాడే టైమ్ లేదు, బడ్జెట్ అంతకన్నా లేదు. నేరుగా డిజైన్ మొదలెడితే ఏమవుతుంది?

యూజర్లతో మాట్లాడటం ఎలాగూ తప్పదు. ఎప్పుడన్నదే మీ చేతిలో ఉంది. ఇప్పుడైతే కాగితం మీద గీత చెరిపితే సరిపోతుంది. విడుదలయ్యాక అయితే కోడ్ విప్పాలి, తిట్లు తినాలి.

రీసెర్చ్ అనగానే వంద పేజీల నివేదిక ఊహించుకోకండి. మీ యాప్ చేయబోయే పనిని ఇవాళ కాగితం మీదో, ఎక్సెల్‌లోనో, ఫోన్లు చేసో నెట్టుకొస్తున్న ముగ్గురిని పట్టుకోండి. 'ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?' అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. 'కిందటిసారి ఈ పని ఎలా చేశారో ఒకసారి చేసి చూపించండి' అనండి. పక్కన పెట్టుకున్న చీటీ, దాచుకున్న స్క్రీన్‌షాట్, మధ్యలో ఎవరికో చేసే కాల్ అప్పుడు బయటపడతాయి. నోటితో చెప్పేదానికీ చేత్తో చేసేదానికీ తేడా వస్తే చేతినే నమ్మండి. కస్టమర్ సపోర్ట్ టీమ్ ఉంటే ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి, అంతకన్నా చవకైన రీసెర్చ్ లేదు.

మా యాప్ అందరికీ కదా. ఒక్క యూజర్‌ని ఊహించుకుని ఎలా గీయాలి?

మనిషిని ఊహించుకోవడం కన్నా సందర్భాన్ని ఊహించుకోండి. ఫొటో అతికించి, పేరు పెట్టి, హాబీలు రాసే పెర్సోనా (ఊహించుకున్న యూజర్) పోస్టర్లు నేనూ చాలా చేశాను. గోడకు అందమే తప్ప వాటిని చూసి ఒక్క బటన్ జరిపిన గుర్తు లేదు. దానికి బదులు ఇలా రాసుకోండి: ఒక చేతిలో సంచి ఉంది, ఎండలో నిలబడ్డాడు, సిగ్నల్ ఒక గీతే ఉంది, ఈ యాప్ తెరవడం ఇదే మొదలు, వెనక క్యూ ఉంది. ఈ అయిదు మాటలకు అక్షరం ఎంత పెద్దదో, బటన్ ఎక్కడుండాలో, ఏ ఫొటో తీసేయాలో మీకే తడుతుంది. ఆ స్థితిలో పనిచేసే తెర తీరికగా సోఫాలో కూర్చున్నవాడికి కూడా బాగానే ఉంటుంది.

పేరున్న యాప్‌ని చూసి అలాగే చేసేస్తే పోలా?

అలవాటైన పద్ధతుల వరకు నిస్సంకోచంగా తీసుకోండి. మీ యూజర్ రోజులో ఎక్కువ సేపు గడిపేది మీ యాప్‌లో కాదు, ఇతరుల యాప్‌లలో. వెనక్కి వెళ్లే బాణం, వెతుకులాట పెట్టె, కార్ట్ గుర్తు అక్కడ ఎక్కడుంటే ఇక్కడా అక్కడే చేయి వెళ్తుంది. ఆ చోట్ల సృజన చూపించి సాధించేదేమీ లేదు. కానీ వాళ్ల హోమ్ పేజీలో పన్నెండు సేవలున్నాయని మీరూ పన్నెండు పెట్టకండి. ఆ నిర్ణయం వెనక వాళ్ల లెక్కలేవో ఉంటాయి, అవి తెరను చూస్తే కనబడవు.

## తెరలు గీసేటప్పుడు

మెనూలో ఏడు ఐటమ్స్‌కి మించకూడదు అంటారు, నిజమేనా?

కాదు. ఎంత చెప్పినా చావని అపోహ ఇది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలోని 'ఏడు, రెండు అటూ ఇటూ' అన్న మాట మనిషి తాత్కాలికంగా గుర్తుపెట్టుకోగలిగే సంగతుల గురించి. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అసలు సమస్య వేరే ఉంది. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుంది. 1952లో విలియమ్ హిక్ కొలిచి చూపించింది ఇదే. అయితే ఆ పెరుగుదల లాగరిథమ్ లెక్కన ఉంటుంది. ఆప్షన్లు రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు. అక్షర క్రమంలో ఉన్న వంద పేర్లలో తన పేరు వెతుక్కోవడం ఎవరికీ కష్టం కాదు. ఒకదానికొకటి సంబంధం లేని ఆరు బటన్లు ఒకే సైజులో, ఒకే రంగులో నిలబడితే అదే కష్టం. అందుకే నేను ఐటమ్స్ లెక్కపెట్టను. ఈ తెర మీద ముఖ్యమైన పని ఏది అని అడుగుతాను. టీమ్‌లో ముగ్గురు మూడు జవాబులు చెబితే తెర ఇంకా గీయడానికి సిద్ధంగా లేనట్టు.

బటన్ సైజు ఎంత ఉండాలి?

యాపిల్ కనీసం 44 పాయింట్లు అంటుంది. గూగుల్ మెటీరియల్ డిజైన్ 48 డీపీ అంటుంది, అంటే తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు. వెబ్ అందరికీ అందేలా ఉండటానికి 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం డబుల్ ఏ స్థాయిలో (మూడు స్థాయిల్లో మధ్యది) కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెల్స్ అడుగుతుంది, దానికి కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. ఆ 24ని అట్టడుగు హద్దుగానే చూడండి. ఫోన్‌లో నేను 48కి తగ్గను.

ఐకాన్ 48 పెడితే వికారంగా ఉంటుందని భయం అక్కర్లేదు. కనబడే బొమ్మ 24 ఉండొచ్చు, దాని చుట్టూ వేలికి స్పందించే చోటు 48 ఉంటే చాలు. పాల్ ఫిట్స్ 1954లో ఇచ్చిన సూత్రం కూడా ఇదే చెబుతుంది: లక్ష్యం దగ్గరగా, పెద్దగా ఉంటే చేయి త్వరగా చేరుతుంది. దీన్ని తిరగేసీ వాడొచ్చు. 'ఎడిట్' పక్కనే 'డిలీట్' పెట్టకండి, దూరం జరపండి.

చేతి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. స్టీవెన్ హూబర్ 2013లో వీధుల్లో, బస్సుల్లో ఫోన్ వాడుతున్నవాళ్లను 1,333 సార్లు గమనించి రాసుకుంటే, తెరను తాకుతూ వాడేవాళ్లలో 49 శాతం ఒంటి చేత్తో వాడుతున్నారు. ఫోన్లు ఆ తర్వాత ఇంకా పొడుగయ్యాయి. తరచూ నొక్కేది ఏదైనా తెర కింది సగంలో ఉండటం మంచిది.

ఐకాన్ చాలదా, పక్కన పేరు కూడా రాయాలా?

రాయండి. భూతద్దం అంటే వెతకడం, ఇల్లు అంటే మొదటి పేజీ. ఇలా అందరికీ ఒకే అర్థం ఇచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుండె గుర్తు ఒకచోట 'నచ్చింది', ఇంకోచోట 'దాచుకో'. మూడు గీతల మెనూ గుర్తును నార్మ్ కాక్స్ జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం గీశాడు, ఆ యంత్రం 1981లో వచ్చింది. ఇన్నేళ్లయినా దాని వెనక ఏముందో నొక్కితే తప్ప తెలియదు. మౌస్ పెడితే పేరు కనబడుతుంది కదా అంటారు. ఫోన్‌లో మౌస్ ఎక్కడిది?

లోడ్ అవడానికి ఎంత సేపు పడితే ఫర్వాలేదు?

మూడు హద్దులు గుర్తుంచుకోండి. 0.1 సెకను లోపు స్పందిస్తే తన వేలే ఆ పని చేసినట్టు అనిపిస్తుంది. ఒక సెకను లోపైతే ఆలస్యం తెలుస్తుంది గానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పనికి పోతుంది. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో వీటిని ప్రచారంలోకి తెచ్చాడు. మూలం 1968లో రాబర్ట్ మిల్లర్ చేసిన పనిలో ఉంది. యంత్రాల వేగం ఎన్నో రెట్లు పెరిగినా ఈ అంకెలు మారలేదు, ఎందుకంటే ఇవి మనిషి లెక్కలు.

సర్వర్ నెమ్మదిగా ఉంటే డిజైనర్ చేయగలిగిందీ ఉంది. నొక్కగానే బటన్ రూపం మారాలి. అది మారకపోతే మళ్లీ నొక్కుతారు, డబ్బు రెండుసార్లు పోతుంది. సెకను లోపు అయిపోయే పనికి తిరిగే చక్రం పెట్టకండి, మెరిసి మాయమై చిరాకు పుట్టిస్తుంది. పది సెకన్లు దాటేదానికి ఎంత అయిందో చూపించండి, ఆపే దారీ ఇవ్వండి. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఇంకోటి: నొక్కబోయే క్షణంలో పైన బ్యానర్ లోడ్ అయి లింక్ కిందికి జారడం. బొమ్మలకు, ప్రకటనలకు చోటు ముందే కేటాయిస్తే ఇది ఆగుతుంది. గూగుల్ దీన్ని సీఎల్ఎస్ అనే కొలతతో చూస్తుంది, 0.1 లోపుంటే మంచిది అంటుంది.

యానిమేషన్లు పెడితే యాప్ రిచ్‌గా ఉంటుంది కదా?

మొదటిసారి ఉంటుంది. వందోసారి కూడా అదే యానిమేషన్ చూడాల్సిన మనిషిని తలచుకోండి. ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అని చెప్పే కదలిక పనికొస్తుంది. 200, 300 మిల్లీసెకన్లలో ముగిస్తే చాలు. కదలికలకు కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. ఫోన్ సెట్టింగ్స్‌లో వాళ్లు 'కదలికలు తగ్గించు' అని పెట్టుకుంటే మీ యాప్ ఆ మాట వినాలి.

డార్క్ మోడ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. పెడితే మాత్రం రంగుల్ని తిరగేసి వదిలేయకండి. నల్లటి నేపథ్యం మీద నీడలు కనబడవు, తెల్లటి నేపథ్యమున్న లోగోలు పెట్టెలు పెట్టెలుగా బయటపడతాయి, కొట్టొచ్చే రంగుల బటన్లు మరీ మెరుస్తాయి. రెండో రంగుల పట్టిక విడిగా తయారుచేసే ఓపిక ఉంటేనే దిగండి.

## మాటలు, ఫారాలు

బటన్ మీద 'సరే', 'సమర్పించు' అని రాస్తే చాలదా?

చాలదు. ఒక తెర చూపిస్తాను. ఆర్డర్ రద్దు చేయబోతే పాప్‌అప్ వచ్చింది: 'మీ ఆర్డర్‌ను రద్దు చేయాలా?' కింద రెండు బటన్లు: 'రద్దు', 'సరే'. ఇప్పుడు ఆర్డర్ రద్దు కావాలంటే ఏది నొక్కాలి? 'రద్దు' నొక్కితే ఆర్డర్ పోతుందా, ఈ పాప్‌అప్ పోతుందా? రాసినవాడికి తెలుసు, అనువాదం చేసినవాడికి అనుమానం, చదివేవాడికి అయోమయం. అవే బటన్లు 'ఆర్డర్ రద్దు చేయి', 'ఆర్డర్ ఉంచు' అయితే పైన ప్రశ్న చదవకపోయినా తప్పు జరగదు. పైన ప్రశ్నను నిజంగానే ఎవరూ చదవరు, కళ్లు నేరుగా బటన్ మీదికే పోతాయి.

నొక్కితే ఏం జరుగుతుందో ఆ పని పేరే బటన్ మీద రాయండి: 'డబ్బు పంపు', 'ఫొటో మార్చు', 'ఖాతా తెరువు'.

ఫారంలో లేబుల్ బదులు పెట్టెలోపలే లేత అక్షరాలతో రాస్తే నీట్‌గా ఉండదా?

నీట్‌గా ఉంటుంది, టైప్ చేయడం మొదలెట్టగానే మాయమవుతుంది. ఫారం సగం నింపి ఫోన్ మోగి తిరిగొచ్చినవాడికి ఏ పెట్టెలో ఏం రాశాడో తెలియదు. ఆ లేత రంగు చాలాసార్లు చదవడానికే ఆనదు, కొందరైతే ముందే నింపేసి ఉందనుకుని వదిలేస్తారు. లేబుల్ పెట్టె పైన, శాశ్వతంగా ఉండాలి. పెట్టెలోపల కావాలంటే ఉదాహరణ రాయండి.

పుట్టిన తేదీకి క్యాలెండర్ పెడితే తప్పులు రావు కదా?

ఇది నా సొంత తప్పు, అందుకే వివరంగా చెబుతాను. ఒక నమోదు ఫారంలో పుట్టిన తేదీకి అందమైన క్యాలెండర్ గీశాను. పరీక్షకు వచ్చినవారిలో ఒక పెద్దాయన 1956లో పుట్టారు. క్యాలెండర్ ఆ రోజున ఉన్న నెల దగ్గర తెరుచుకుంది. ఆయన ఎడమ బాణం నొక్కారు, ఒక నెల వెనక్కి వెళ్లింది. మళ్లీ నొక్కారు. నెలకో నొక్కు చొప్పున ఏడువందలకు పైగా నొక్కాలి. నలభై దాకా నొక్కి, ఫోన్ బల్ల మీద పెట్టి 'నా వయసు దీనికి నచ్చినట్టు లేదు' అన్నారు. పైన సంవత్సరం అంకె మీద నొక్కితే సంవత్సరాల జాబితా వస్తుందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

పుట్టిన తేదీ మనిషికి కంఠతా వచ్చే అంకె. మూడు పెట్టెలు ఇచ్చి రోజు, నెల, సంవత్సరం టైప్ చేయనివ్వండి, అంకెల కీబోర్డు తెరవండి. వచ్చే వారం అపాయింట్‌మెంట్ అయితే అది సోమవారమా మంగళవారమా అని చూసుకోవాలి గనక అక్కడ క్యాలెండర్ బాగుంటుంది.

ఇదే తర్కం ఫారం అంతటికీ వాడండి. పిన్‌కోడ్ ఇస్తే ఊరు మీరే నింపగలిగితే మళ్లీ అడగొద్దు. కార్డు నంబరు మధ్య ఖాళీలు కొడితే 'చెల్లదు' అనకండి, ఆ ఖాళీలు మీ కోడ్ తీసేసుకోవాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్ చెప్పేవాడు, ఏ పనికైనా తగ్గించలేనంత చిక్కు కొంత ఉంటుంది, అది ఎవరు మోయాలన్నదే ప్రశ్న అని. ఇంజనీరు ఒక వారం మోస్తే లక్షమందికి తలా ఒక నిమిషం తప్పుతుంది.

పాస్‌వర్డ్‌కి పెద్ద అక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి చేయాలా?

వద్దు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నియమాలు వద్దంది, ఊరికే మూడు నెలలకోసారి మార్పించడమూ వద్దంది. అలా బలవంతం చేస్తే పాత పాస్‌వర్డ్ చివర 1 తీసి 2 పెడతారు. పొడుగు పాస్‌వర్డ్‌ని అనుమతించండి, పేస్ట్ చేయనివ్వండి, టైప్ చేసింది చూసుకునే కన్ను గుర్తు ఇవ్వండి.

ఇంగ్లిష్‌లో చేసిన తెరను తెలుగులోకి మారిస్తే అంతా చెదిరిపోతోంది. ఏం చేయాలి?

చిన్న మాటలే ఎక్కువ చెదరగొడతాయి. పది అక్షరాల లోపు ఇంగ్లిష్ మాట వేరే భాషలో రెండు మూడు రెట్లు కావొచ్చని వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ హెచ్చరిస్తుంది. కాబట్టి బటన్ వెడల్పును అంకెతో కట్టేయకండి, మాటను బట్టి సాగనివ్వండి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి సరిపోయినంతే ఇస్తే కింది వత్తు తెగిపోతుంది, లేదా తర్వాతి వరుస గుడికి తగులుతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' రాసి చూడండి, వెంటనే తెలిసిపోతుంది. పెద్దక్షరాలు (క్యాపిటల్స్) మనకు లేవు, అలా ఒత్తి చెప్పాలనుకున్న చోట మందమో సైజో వాడాలి.

వాక్యాన్ని ముక్కలు చేసి కోడ్‌లో అతికించే పద్ధతి తెలుగులో అస్సలు నిలవదు. '1 సందేశాలు వచ్చాయి' అని రాసే యాప్‌లు ఎన్ని లేవు! పూర్తి వాక్యాలే అనువాదానికి ఇవ్వండి, ఏకవచనానికి ఒకటి, బహువచనానికి ఒకటి.

ఇక మాటల ఎంపిక. 'డౌన్‌లోడ్'ని 'దిగుమతి' అని రాస్తే ఓడలూ సరుకులూ గుర్తొస్తాయి. జనం నోట్లో నలిగిన మాట ఉంటే అదే రాయండి. అనువాదకుడికి జాబితా ఒక్కటే పంపకుండా స్క్రీన్‌షాట్‌లు కూడా పంపండి, సగం తప్పులు అక్కడే పోతాయి.

## తప్పులు జరిగినప్పుడు

యూజర్లు తప్పు నొక్కుతున్నారు. 'ఖచ్చితమేనా?' అని పాప్‌అప్ పెడితే సరిపోతుందా?

అరుదుగా సరిపోతుంది. రోజూ కనబడే పాప్‌అప్‌ని మెదడు చదవదు, చేయి నొక్కేస్తుంది.

2018 జనవరి 13న హవాయీలో ప్రజల ఫోన్లకు క్షిపణి దాడి హెచ్చరిక వెళ్లింది. దాడి లేదు. ఆ మాట మళ్లీ ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. మెనూలో తప్పు ఎంపిక నొక్కారని మొదట అన్నారు. పంపిన ఉద్యోగి నిజమైన దాడే అనుకున్నాడని తర్వాత విచారణలో తేలింది. కానీ అదే విచారణ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పింది చూడండి: కసరత్తు సందేశానికైనా, అసలు సందేశానికైనా 'పంపాలా?' అని అడిగే పాప్‌అప్ ఒకే మాటలతో ఉంది. పొరపాటు అని చెప్పే సందేశమేమో ముందుగా సిద్ధం చేసి లేదు.

నేను పాటించే క్రమం ఇది. వెనక్కి తీసుకోగలిగే పనికి అసలు అడగను, చేసేసి 'వెనక్కి తీసుకో' అన్న అవకాశం ఇస్తాను. జీమెయిల్‌లో పంపిన మెయిల్ ఆపుకోవడానికి 30 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు కదా, అలా. వెనక్కి తీసుకోలేని పనికి ఏం పోతుందో పేరుతో చెబుతాను: '214 ఫొటోలు శాశ్వతంగా పోతాయి'. మరీ ప్రమాదమైతే ఆ పేరు టైప్ చేయమంటాను.

ఎర్రర్ మెసేజ్ ఎలా రాయాలి?

ఏం జరిగింది, ఇప్పుడేం చేయాలి. 'అభ్యర్థన విఫలమైంది. కోడ్ 4012' అంటే చదివినవాడు ఏం చేస్తాడు? 'ఇంటర్నెట్ తెగిపోయింది. మీరు రాసింది పోలేదు. కనెక్షన్ రాగానే మళ్లీ పంపు నొక్కండి' అంటే ఊపిరి పీల్చుకుంటాడు. మధ్య వాక్యం చూశారా, భయం అంతా దాని గురించే. తప్పు ఏ పెట్టెలో ఉందో దాని కిందే చూపించండి. ఒక పెట్టెలో తప్పుందని మిగతా తొమ్మిదీ చెరిపేసే ఫారాలు ఇంకా ఉన్నాయి, అంతకన్నా పాపం లేదు. టైప్ చేస్తుండగానే ఎర్రగా అరవకండి, ఆ పెట్టె దాటాక చెప్పండి.

ఇంకా డేటా ఏమీ లేని ఖాళీ తెర మీద ఏం పెట్టాలి?

ఇక్కడ ఏం కనబడుతుందో ఒక వాక్యం, మొదలెట్టడానికి ఒక బటన్. బొమ్మ మీ ఇష్టం.

## అందరికీ అందేలా

మా యూజర్లలో చూపులేనివాళ్లు లేరు. యాక్సెసిబిలిటీ అవసరమా?

లేరని ఎలా తెలుసు? యాప్ వాడలేక వెళ్లిపోయినవాళ్లు మీ లెక్కల్లో కనబడరు. పైగా ఇది చూపులేనివారి ఒక్కరి సంగతి కాదు. నలభై దాటి అక్షరాలు మసకబారినవాళ్లు, చేతికి కట్టు ఉన్నవాళ్లు, పసిబిడ్డను ఎత్తుకున్నవాళ్లు, అందరూ దీని కిందికే వస్తారు.

మొదటి రోజు చేయగలిగేవి చెబుతాను. మామూలు అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద సైజు అక్షరాలకు 3:1. కొలిచే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. తెల్లటి మీద లేత బూడిద రంగు మీ ఖరీదైన మానిటర్‌లో బాగుంటుంది, ఎండలో ఫోన్ మీద చూడండి. అక్షరాల సైజు 200 శాతం చేసి తెర విరుగుతుందేమో చూడండి. తర్వాత కళ్లు మూసుకుని, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ గానీ వాయిస్‌ఓవర్ గానీ ఫోన్‌లో పెట్టి, మీ యాప్‌లో ఒక్క పని పూర్తిచేయండి. పేరు పెట్టని ఐకాన్లుంటే 'బటన్, బటన్, బటన్' అని వినబడుతుంది. అది విన్న డెవలపర్‌కి నేను మళ్లీ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

ఎరుపు అంటే తప్పు, ఆకుపచ్చ అంటే ఒప్పు. ఇది అందరికీ తెలిసిందే కదా?

తెలిసినా కనబడకపోవచ్చు. వర్ణాంధత్వంలో ఎక్కువగా ఉండేది ఎరుపు, ఆకుపచ్చ కలగాపులగమయ్యే రకమే. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో ఇది సుమారు 8 శాతం. రంగుతోపాటు ఒక గుర్తో, ఒక మాటో జత చేయండి. ఫోన్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

## పరీక్షించేటప్పుడు

ఎంతమందితో టెస్ట్ చేయాలి? అయిదుగురు చాలంటారు, నమ్మొచ్చా?

దేనికోసం అన్నదాన్ని బట్టి. నీల్సన్, లాండవర్ 1993లో వేసిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యల్ని బయటపెడతాడు. అయిదుగురికి అది 85 శాతం దాకా చేరుతుంది, ఆ తర్వాత చూసిందే మళ్లీ చూస్తుంటారు. అందుకే పదిహేనుమందితో ఒకసారి కన్నా, అయిదుగురితో చేసి, సరిదిద్ది, ఇంకో అయిదుగురితో చేయడం మేలు. రెండు షరతులు: ఆ అయిదుగురూ ఒకే రకం యూజర్లు అయి ఉండాలి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ వాడే యాప్ అయితే విడివిడిగా అయిదుగురు. ఇక, ఇది సమస్యలు వెతకడానికి మాత్రమే. 'అయిదుగురిలో ముగ్గురికి నచ్చింది, అంటే 60 శాతం' అని స్లైడ్ మీద ఎక్కించకండి.

టెస్ట్‌లో కూర్చోబెట్టి ఏం అడగాలి?

తక్కువ అడగాలి, ఎక్కువ చూడాలి. పని ఇవ్వండి, కానీ తెర మీదున్న మాటలతో ఇవ్వకండి. 'ప్రొఫైల్‌లోకి వెళ్లి చిరునామా ఎడిట్ చేయండి' అంటే దారి మీరే చెప్పేసినట్టు. 'మీరు ఇల్లు మారారు, వస్తువు కొత్త ఇంటికి రావాలి' అనండి. తర్వాత నోరు మూసుకోండి. ఇది రాయడం తేలిక. నేను గీసిన బటన్ పక్కనే వేలు ఊగుతుంటే 'అదే, అదే' అనకుండా ఉండటం నాకు ఇప్పటికీ కష్టమే. 'ఇది నొక్కితే ఏమవుతుంది?' అని టెస్ట్‌కి వచ్చిన మనిషి అడిగితే 'మీకేమనిపిస్తోంది?' అని తిరిగి అడగండి.

చివర్లో 'చాలా బాగుంది బాబూ, చాలా సులువు' అంటారు. నాలుగుసార్లు వెనక్కి వెళ్లిన మనిషే ఆ మాట అంటాడు. నోట్స్‌లో ఆ నాలుగుసార్లూ రాసుకోండి.

రెండు డిజైన్లలో ఏది మంచిదో తేలట్లేదు. ఏ/బీ టెస్ట్ పెట్టేద్దామా?

ఏ/బీ టెస్ట్ అంటే సగం మందికి ఒకటి, మిగతా సగానికి ఇంకొకటి చూపించి ఏది పనిచేస్తుందో కొలవడం. రోజుకు వేలమంది వస్తుంటే పెట్టండి. యాభైమందే వస్తుంటే ఫలితం తేలేసరికి నెలలు పడుతుంది, ఆలోపు ఎవరో తొందరపడి విజేతను ప్రకటించేస్తారు. పైగా ఏ/బీ ఏది గెలిచిందో చెబుతుంది, ఎందుకు గెలిచిందో చెప్పదు.

## విడుదల తర్వాత

సభ్యత్వం రద్దు చేసే లింక్ దాచేయమని మేనేజ్‌మెంట్ అంటోంది. డిజైనర్‌గా నేనేం చేయాలి?

యూజర్‌ని మభ్యపెట్టే ఇలాంటి ఎత్తులకు డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో నియంత్రణ సంస్థలు వీటి మీద కన్నేశాయి, కాబట్టి మీ వాదన నీతితో ఆగనక్కర్లేదు, లీగల్ టీమ్‌ని కూర్చోబెట్టొచ్చు. నాకు పనిచేసిన దారి వేరే: లింక్ దాచాక సపోర్ట్‌కి వచ్చిన కాల్స్, బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకున్న చెల్లింపులు, ఒక నక్షత్రం రివ్యూలు ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూపించడం. ప్రతిసారీ గెలవలేదు. ఓడినప్పుడు కనీసం నా అభ్యంతరం మెయిల్‌లో రాతపూర్వకంగా ఉంచాను.

రీడిజైన్ విడుదల చేశాం, పాత యూజర్లు తిడుతున్నారు. వెనక్కి వెళ్లాలా?

మొదటి వారం తిట్లను బట్టి నిర్ణయించకండి, కొట్టిపారేయనూ వద్దు. తిట్లు రెండు రకాలు. 'పాతదే బాగుంది' అనేది అలవాటు బాధ, చాలావరకు సర్దుకుంటుంది. 'నెలవారీ రిపోర్ట్ ఎక్కడుందో దొరకట్లేదు' అనేది చిరునామా ఉన్న ఫిర్యాదు, ఇవాళే చూడాలి.

ఏళ్ల తరబడి వాడినవాళ్ల వేళ్లకు దారి గుర్తుంటుంది, వాళ్లు తెర చూడను కూడా చూడరు. ఒకసారి మేము 'సేవ్', 'ప్రింట్' బటన్ల చోట్లు మార్చాం. పక్కపక్కనే ఉన్న రెండిటిని అటూ ఇటూ చేశాం, అంతే. మర్నాడు ఒక ఆఫీసులో ప్రింటర్ దగ్గర కాగితాల గుట్ట పడింది. మీరూ ఏదైనా జరపాల్సి వస్తే పాత చోటును కొన్నాళ్లు ఖాళీగా వదలండి, వేరే బటన్ అక్కడ పెట్టకండి. ఖాళీ చోట నొక్కితే ఏమీ కాదు, తలెత్తి చూస్తారు.